ఉమ్మడి నల్గొండ, పాలమూరులో ఆగి చూడాల్సిన శిల్పాలు, స్తూపాలు, స్మారకాలు ఏవి?

నీలగిరి నడక
అందరికీ నమస్కారం. ఎండాకాలం సెలవులకు మా అక్క పిల్లలు బెంగళూరు నుంచి వస్తున్నారు. పెద్దమ్మాయి ఇంటర్, బొమ్మలు బాగా వేస్తుంది. ఎక్కడికి తీసుకుపోయినా పుస్తకం తెరిచి కూర్చుంటుంది. దానికి మన దగ్గరి శిల్పాలు, స్మారకాలు చూపిద్దామని ఉంది. చౌరస్తాలో, చెరువు గట్టు మీద, పొలం మధ్యలో, దారిన పోయేవాళ్లు ఎవరైనా ఆగి చూడగలిగేవి కావాలి. దర్శనం క్యూలో నిలబడేవి వద్దు. నల్గొండ నుంచి కారులో పోతాం. ఒక్కో వైపు ఒక్కో రోజు పెట్టుకుంటాం. గడియారం సెంటర్‌లో స్తంభం చూపించి ఇదే మన ఘనత అని సరిపెట్టలేను.

చౌరస్తా
మన ఊళ్లలో బొమ్మలకేం కొదవ? ప్రతి చౌరస్తాలో బంగారు రంగు కొట్టిన సిమెంటు బొమ్మ ఒకటి ఉంటుంది. కింద శిలాఫలకం మీద మనిషి పేరు చిన్నగా, ఆవిష్కరించిన నాయకుల పేర్లు పెద్దగా. ఎన్నికల కోడ్ వస్తే మొహానికి గుడ్డ కట్టేస్తారు. ఆ గుడ్డ కట్టిన బొమ్మలనే గీయమనండి, నిజమైన మన పట్నం అదే.

మూసీ కాలువ
చౌరస్తా అన్నా, నవ్వొచ్చింది కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టకు. సూర్యాపేటలో కర్నల్ సంతోష్‌బాబు విగ్రహం చూడు. గల్వాన్‌లో ఆయన ప్రాణం ఇచ్చింది 2020 జూన్ 15న. సరిగ్గా ఏడాదికి, 2021 జూన్ 15న, కోర్టు చౌరస్తాలో కంచు విగ్రహం పెట్టారు. ఆయనది ఆ ఊరే. ఆ దారిలో పోయే ఆటోవాళ్లకు కూడా ఆయన ఎవరో, ఏం చేశాడో తెలుసు. బొమ్మ కింద ఎవరి పేర్లున్నాయో ఎవరూ చూడరు.

నీలగిరి నడక
అలాంటివే కావాలి. అయితే పాతవి కూడా చెప్పండి.

రిటైర్డ్ సార్
నడక గారూ, ముందు మీ ఊరు దాటకుండానే మొదలుపెట్టండి. పానగల్లు మీకు పక్కనే కదా. కుందూరు చోడుల రాజధాని అది. ఉదయసముద్రం చెరువు ఉదయ చోడుడి పేరు మీద వచ్చింది. ఆ చెరువు కూడా ఒక స్మారకమే, కాకపోతే ఇంకా పొలాలకు నీళ్లిస్తోంది కాబట్టి మనం దాన్ని అలా చూడం.

పచ్చల సోమేశ్వరాలయం లోపలికి వెళ్లే ముందు బయటి గోడల చుట్టూ ఒకసారి తిరగమనండి. రామాయణ, భారత కథలు వరుసగా చెక్కి ఉంటాయి. బొమ్మలు వేసే పిల్లకు ఆ గోడే చాలు. పక్కనే మ్యూజియం ఉంది. జిల్లాలో దొరికిన విగ్రహాలు, శాసనాలు అక్కడ చేర్చారు.

తర్వాత పొలాల మధ్యలో ఉన్న ఛాయా సోమేశ్వరాలయం. మూడు గర్భాలయాల గుడి. అందులో ఒకదానిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పడుతుంది. పొద్దున ఉన్న చోటే సాయంత్రమూ ఉంటుంది, పొద్దుతో పాటు కదలదు. అది ఏ స్తంభం నీడ అని వెతికితే దొరకదు. అక్కడ పడేది నేరుగా వచ్చే ఎండ కాదు. మండపం పక్కల నుంచి లోపలికి పరుచుకునే వెలుతురు. ముందున్న స్తంభాల నీడలు కలిసి ఒకే నీడలా కనిపిస్తాయి. ఫిజిక్స్ చదివే పిల్లలుంటే అట్టముక్కతో చిన్న మండపం చేసి, పక్కల నుంచి వెలుతురు పోనిచ్చి చూడొచ్చు. మహిమ అన్నవాళ్లతో గొడవ పెట్టుకోవద్దు, పూజారి చెప్పేది కూడా విననివ్వండి. అంత లెక్క వేసి కట్టిన వడ్రంగులు, కాసెపనివాళ్లు ఎవరో పేర్లు లేవు, నాకు ఎప్పుడూ అదే అనిపిస్తుంది.

పాలమూరు పిల్ల
సార్, పిల్లలమర్రి కూడా చెప్పండి. మా మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కాదు, మీ సూర్యాపేటది. బయటివాళ్లు మ్యాప్ పెట్టుకుని ఒకదానికి బయల్దేరి ఇంకోదానికి చేరతారు. మధ్యలో 200 కిలోమీటర్ల దాకా దూరం.

రిటైర్డ్ సార్
అవునమ్మా. సూర్యాపేట పక్కన ఉన్నది కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్ల ఊరు. బేతిరెడ్డి భార్య ఎరకసాని కట్టించింది ఎరకేశ్వరాలయం, 1208లో. నామిరెడ్డి కట్టించింది నామేశ్వరాలయం. నున్నటి నల్లరాతి స్తంభాలు, వాటి మీద వేలెడంత బొమ్మలు. ఆడవాళ్లు కట్టించిన గుళ్లు మనకు తక్కువేమీ కాదు కానీ కట్టించినావిడ పేరే గుడికి నిలిచింది తక్కువ. అందుకే దీన్ని ముందు చెప్తాను.

నకిరేకల్ దగ్గర చందుపట్ల కూడా వదలొద్దు. చూడటానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు, ఒక శాసనం రాయి. రుద్రమదేవి ఎప్పుడు పోయిందో చెప్పే ఆధారం అదే. 1289 నవంబరు 27 నాటిది. ఆమెకు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి శివలోక ప్రాప్తి కోసం పువ్వుల ముమ్మడి అనే ఆయన భూమి దానం చేసి ఆ రాయి వేయించాడు. గుర్రం మీద కత్తి దూసిన రుద్రమ విగ్రహాలు బోలెడు చూశాం. ఆమె పోయినప్పుడు ఆమె మనుషుల్లో ఒకడు పొలం రాసిచ్చి పెట్టిన రాయి ముందు ఒక్కసారి నిలబడండి, తేడా తెలుస్తుంది.

చౌరస్తా
సార్, ఇది బాగుంది. ఇన్నేళ్లుగా హైవే మీద పోతున్నా, ఒక్కసారి కూడా లోపలికి తిరగలేదు.

మూసీ కాలువ
నల్గొండ అంటే నాకు ముందు గుర్తొచ్చేవి ఎర్ర స్తూపాలు. ఎవరూ వాటిని శిల్పాల కింద లెక్కపెట్టరు. సిమెంటు గద్దె, దాని మీద సన్నగా పైకి లేచే స్తంభం, చివర సుత్తి కొడవలి లేదా చుక్క. కింద తెలంగాణ సాయుధ పోరాటంలో పోయిన అమరుల పేర్లు. ఊళ్లో మేస్త్రీ కట్టిందే, కొలతలు ఎవరి ఇష్టం వాళ్లవి. తుంగతుర్తి, సూర్యాపేట, నకిరేకల్ వైపు ఎన్ని ఊళ్లు తిరిగితే అన్ని రకాలు కనిపిస్తాయి. సెప్టెంబరులో సాయుధ పోరాట వారోత్సవాల ముందు మళ్లీ ఎర్ర రంగు పూస్తారు. ఆ రంగు పొరల కింద పేర్లు కొన్ని చోట్ల పూడుకుపోయాయి. ఎవరైనా తిరిగి ఆ పేర్లు రాసి పెట్టాలి.

ఆ పోరాటంలో మొదటి అమరుడు దొడ్డి కొమరయ్య 1946 జూలై 4న కడివెండిలో తూటాకు పడిపోయాడు. ఇప్పుడది జనగామ జిల్లా. అప్పట్లో జనగామ తాలూకా నల్గొండ జిల్లాలోనే ఉండేది. కాబట్టి మన లెక్కలోనే వేసుకోవచ్చు.

జరీ అంచు
మూసీ అన్నా, ఆ స్తూపాల పక్కనే భూదాన్ పోచంపల్లి కూడా పెట్టండి. పోరాటం ఇంకా నడుస్తుండగానే 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అక్కడికి వచ్చారు. దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. వినోబా మందిరం ఇప్పటికీ ఉంది. ఎర్ర స్తూపం, వినోబా మందిరం ఒకే రోజు చూస్తే పిల్లలు తప్పకుండా ప్రశ్నలు అడుగుతారు. ఒకే భూమి సమస్యకు రెండు జవాబులు కదా. చీరలు కూడా కొనుక్కోవచ్చు, నేను గద్వాల దాన్ని అయినా పోచంపల్లి ఇక్కత్‌ను మెచ్చుకుంటాను.

మూసీ కాలువ
అక్కా, రెండూ ఒకే తూకంలో వేయను. కానీ ఒకే రోజు చూడమనడం మాత్రం మంచి మాట.

టీఎస్ 06
ట్యాంక్‌బండ్ దగ్గర హుస్సేన్‌సాగర్‌లో నిలబడ్డ బుద్ధుడి రాయి ఎక్కడిదో చెప్పండి చూద్దాం?

పాలమూరు పిల్ల
రాయగిరి. భువనగిరి పక్కన. అప్పటి నల్గొండ జిల్లా. 1990లో నీళ్ల మీద తీసుకుపోతుంటే పడవతో సహా మునిగింది, మనుషులు కూడా పోయారు. 1992 డిసెంబరులో పైకి తీసి నిలబెట్టారు. రాజధాని సెల్ఫీల్లో వెనక నిలబడేది మన జిల్లా రాయే.

నీలగిరి నడక
ఇది పిల్లలకు కచ్చితంగా చెప్తాను. సాగర్ వైపు ఏముంది? డ్యామ్ ఎలాగూ చూస్తారు.

టీఎస్ 06
బుద్ధవనం. 274 ఎకరాలు, 2022 మే 14న తెరిచారు. నడవాలి, ఎండ ఎక్కువ, టోపీలు మర్చిపోవద్దు. మీ అమ్మాయికి జాతక కథల, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథల శిల్పాలు 40 దాకా ఉన్నాయి, ఒక్కో కథ ఒక్కో రాతి పలక. మహాస్తూపం ఎత్తు 21 మీటర్లు, వ్యాసం 42. శ్రీలంక ఇచ్చిన అవుకన బుద్ధుడి ప్రతిమ 27 అడుగులది కూడా అక్కడే.

చౌరస్తా
అదంతా కొత్తగా చెక్కించింది. టూరిజం పార్కును స్మారకం అంటే ఎలా?

టీఎస్ 06
అమరావతి స్తూపం కూడా ఒకప్పుడు కొత్తదే కదా అన్నా.

చౌరస్తా
ఆ లెక్కన ఇంకో 2000 ఏళ్లు ఆగి వస్తాను.

రిటైర్డ్ సార్
ఇద్దరూ తగ్గండి. కొత్తది చూశాక అసలుది చూడాలంటే సూర్యాపేట జిల్లాలో ఫణిగిరి ఉంది. కొండ మీద బౌద్ధ స్తూపం పునాదులు, చైత్యాలు అనే ప్రార్థనా మందిరాలు, భిక్షువుల గదుల గోడలు. తవ్వకాల్లో తోరణం పట్టీలు దొరికాయి, రెండు వైపులా చెక్కినవి. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనలో ఫణిగిరి శిల్పాలు పెట్టారు. మరుసటి ఏడాది తవ్వకాల్లో ఒక కుండ నిండా 3,730 సీసం నాణేలు బయటపడ్డాయి. న్యూయార్క్‌లో వరుస కట్టి చూసిన శిల్పాల ఊరికి మన దగ్గర నుంచి పోయినవాళ్లు ఎంతమంది? కొండ ఎక్కడానికి పొద్దున్నే పోవాలి.

సాగర్‌లో ఇంకొకటి, పైలాన్, అంటే స్మారక స్తంభం. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. దానికి గుర్తుగా పైలాన్, దాని పేరుతో పైలాన్ కాలనీ. బస్సు కండక్టరు ఆ పేరే పిలుస్తాడు. ఆ వరుసలోదే చౌటుప్పల్‌లో 2015 జూన్‌లో పెట్టిన మంచినీళ్ల పథకం పైలాన్. ఫ్లోరైడ్ నీళ్లతో నడుము వంగిపోయిన జిల్లాలో నీళ్లకు స్మారకం కట్టడం అర్థం లేని పని కాదు. అందం సంగతి మీ మేనకోడలు తేలుస్తుంది.

తుంగభద్ర ఒడ్డు
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మాది అలంపురం వైపు. మీరంతా ఉన్నచోట ఉన్న రాళ్ల గురించి మాట్లాడుతున్నారు. మా దగ్గర రాళ్లు ఊళ్లు మారాయి. అది చెప్పకుండా పాలమూరు స్మారకాల గురించి చెప్పలేం.

శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు వెనక్కి వచ్చేటప్పుడు కృష్ణ, తుంగభద్ర ఒడ్డున ఊళ్లకు ఊళ్లు మునిగాయి. కూడవెల్లి దగ్గర రెండు నదులు కలిసే చోట చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయం ఉండేది. రాయికి రాయి విప్పి, నంబర్లు వేసి, అలంపురం తెచ్చి మళ్లీ పేర్చారు. ఇప్పుడు పచ్చిక మధ్యలో నిలబడి ఉంది. పాపనాశి గుళ్ల సమూహం కూడా దగ్గర్లోనే. కొల్లాపూర్ వైపు సోమశిల గుళ్లు అలాగే గట్టెక్కాయి. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయం కూడా అంతే. మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి చెట్టు చూడటానికి పోయినవాళ్లు పక్కనున్న రాజరాజేశ్వరాలయం ఎప్పటి నుంచో అక్కడే ఉందనుకుంటారు. అది కూడా ముంపు నుంచి తెచ్చి కట్టిందే.

సోమశిల దగ్గర కృష్ణకు అటువైపు ఇంకో సంగమేశ్వరం ఉంది, నంద్యాల జిల్లాలో. దాన్ని ఎవరూ విప్పలేదు, అక్కడే వదిలేశారు. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉంటుంది. ఎండాకాలం నీళ్లు తగ్గాక బయటపడితే జనం పోయి పూజలు చేస్తారు. విప్పి తెచ్చిన గుడి ఏడాదంతా పొడిగా ఉంది, కానీ దానికి నది లేదు. వదిలేసిన గుడికి నది ఉంది, మనుషులే రెండు మూడు నెలలు.

పాలమూరు పిల్ల
తరలించినదాన్ని పాత గుడి అనొచ్చా? నాకు ఇది ఎప్పటి నుంచో అనుమానం.

తుంగభద్ర ఒడ్డు
రాళ్లు అవే. చెక్కిన చేతులు అవే. పునాది కొత్తది. ముంపు ఊరి నుంచి వచ్చిన మా పెద్దమ్మ అలంపురం వచ్చినప్పుడల్లా ఆ గుడి మెట్ల మీద కూర్చుని వెళ్లేది. మిగతా గుళ్లకు దండం పెట్టి వచ్చేసేది. ఆమె ఇల్లు, పొలం, ఊరి చావడి ఏవీ ఎవరూ నంబర్లు వేసి తేలేదు. గుడి ఒక్కటి వచ్చింది. పాతదా కొత్తదా అని ఆమె ముందు అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

రిటైర్డ్ సార్
పరిశోధకుడి లెక్కలో చిన్న తేడా ఉంది. గుడి కదిలితే దిక్కు, నీటి గట్టు, చుట్టూ ఉన్న చిన్న గుళ్లు, పునాది కింద పాత పొరలు, అన్నీ పోతాయి. శిల్పం మిగులుతుంది, స్థలం చెప్పే చరిత్ర పోతుంది. నాగార్జునకొండలోనూ అదే జరిగింది. 1954 నుంచి 1960 దాకా తవ్వి, ముఖ్యమైనవి కొండ మీదికి, అనుపు దగ్గరికి చేర్చారు. మిగతా లోయ సాగర్ నీళ్ల కింద ఉంది. అయినా మునిగిపోవడం కన్నా ఇదే మేలు.

జరీ అంచు
అలంపురం దాకా వెళ్తే నవబ్రహ్మ ఆలయాలు తొందరపడి చూడొద్దు. పేరు బ్రహ్మలది, లోపల అందరూ శివుళ్లే. 7, 8 శతాబ్దాల బాదామి చాళుక్యుల కట్టడాలు. గోపురాలు మన దక్షిణాది మెట్ల గోపురాల్లా కాకుండా వంపు తిరిగి పైకి పోతాయి, ఒడిశాలో చూసినట్టు ఉంటుంది. స్వర్గబ్రహ్మ గోడల మీద దిక్పాలకులు ఉన్నారు. మీ అమ్మాయికి సగం పూట అక్కడే గడిచిపోతుంది. పక్కన మ్యూజియం.

తిరుగు దారిలో గద్వాల కోట. పెద్ద సోమభూపాలుడు కట్టించాడు. లోపల కాలేజీ ఉంది, పిల్లలు పరీక్షల టెన్షన్‌లో బురుజుల కింద చదువుకుంటూ కనిపిస్తారు. నాకైతే అలా వాడుకలో ఉన్న కోటే ఇష్టం.

టీఎస్ 06
జడ్చర్ల దగ్గర అల్వాన్‌పల్లిలో గొల్లత్తగుడి ఎవరూ చెప్పలేదే! ఇటుకలతో కట్టిన జైన గుడి, 65 అడుగుల దాకా ఎత్తు. మన దగ్గర రాతి గుళ్లు ఎన్నో, ఇటుకది ఇంత ఎత్తున నిలిచింది చాలా అరుదు. అక్కడి జైన విగ్రహాలు కొన్ని పిల్లలమర్రి మ్యూజియంలో ఉన్నాయి. బెంగళూరు హైవేకు దగ్గర, పిల్లలు వచ్చే దారిలోనే పడుతుంది.

ఇంకా పాతవి కావాలంటే ముడుమాల్. నారాయణపేట జిల్లా కృష్ణా మండలం, నది ఒడ్డున. 10 నుంచి 14 అడుగుల నిలువు రాళ్లు, 3,000 ఏళ్లకు పైబడినవి. సూర్యుడు ఉత్తరాయణం, దక్షిణాయనం తిరిగే రోజుల్లో ఉదయించే, అస్తమించే దిక్కుకు కొన్ని వరుసలు సరిపోతాయి. ఒక రాయి మీద సప్తర్షి మండలం గుంటలుగా తొలిచి ఉంది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. అక్కడివాళ్లు నిలురాళ్ల తిమ్మప్ప అని మొక్కుతారు. ఆ మొక్కు వల్లే ఆ రాళ్లు పొలం గట్లకు, ఇంటి పునాదులకు పోకుండా మిగిలాయని నా నమ్మకం.

చౌరస్తా
దేవుడు కాకపోతే రాయికి మన దగ్గర దిక్కు లేదు.

టీఎస్ 06
అదే మాట మీద ఒక ప్రశ్న. మా ఊరి చెరువు కట్ట పక్కన నడుము ఎత్తు రాయి ఒకటి ఉంది. మూడు అంతస్తులుగా బొమ్మలు. కింద గుర్రం, కత్తి పట్టిన మనిషి. పైన ఏవో అక్షరాలు, సున్నం కొట్టి ఉన్నాయి. ఊళ్లో పోతరాజు అంటారు. ఏమై ఉంటుంది సార్?

రిటైర్డ్ సార్
వీరగల్లు. యుద్ధంలోనో, పశువుల మందను కాపాడుతూనో, ఊరి తరఫున పోరాడో చనిపోయినవాడికి పెట్టే రాయి. కింది నుంచి పైకి చదవాలి. కింద పోరాటం. మధ్యలో అప్సరసలు ఆయన్ని పైకి తీసుకుపోతుంటారు. పై అంతస్తులో శివలింగం ముందు కూర్చుని ఉంటాడు. ఇంకా పైన సూర్యుడు, చంద్రుడు ఉంటే వాళ్లు ఉన్నంత కాలం ఇతని పేరు ఉండాలని. పక్కనే మోచేతి దగ్గర వంచి పైకెత్తిన చెయ్యి, గాజులతో చెక్కిన రాయి ఉంటే అది సతి రాయి, భర్తతో సహగమనం చేసిన ఆవిడకు పెట్టింది. అది కూడా వెతకండి.

అక్షరాల కోసం గీకొద్దు. పిండి, సుద్ద, నూనె ఏవీ పూయొద్దు. ఇనుప బ్రష్ అసలే వద్దు. పొద్దు పొడిచిన వెంటనే ఏటవాలు ఎండలో ఫొటో తీయండి, లేదా చీకటి పడ్డాక టార్చి పక్క నుంచి పట్టండి. లోతు తక్కువ అక్షరాలు కూడా లేస్తాయి. నాలుగు వైపులా తీసి, పక్కన స్కేలు పెట్టి, ఇక్కడ పెట్టండి. సున్నం తీయడం, తడి కాగితం అద్ది సిరాతో అచ్చు తీయడం తెలిసినవాళ్ల పని. మీరు చేసిపెట్టాల్సింది ఫొటోతో పాటు ఊరి పేరు, రాయి ఉన్న చోటు పురావస్తు శాఖకు రాసి పంపడం. రాయిని మాత్రం కదపొద్దు, గుళ్లోకి కూడా.

నీలగిరి నడక
టీఎస్ 06 అన్నా, అభ్యంతరం లేకపోతే మా పిల్లలను మీ చెరువు కట్టకు కూడా తీసుకొస్తాను. జడ్చర్ల వైపు వచ్చిన రోజు కలుపుకుంటాం. అమ్మాయి బొమ్మ వేస్తుంది, మీరు ఫొటో తీయండి.

టీఎస్ 06
రండి, అన్నం మా ఇంట్లోనే. సార్, ఫొటో రేపు పొద్దున్నే తీస్తాను. కాకపోతే ఆ టైమ్‌కి మా తాత ఆ రాయికి ఆనుకుని కూర్చుని బీడీ తాగుతుంటాడు. ముందు ఆయన్ని లేపాలి, లేవమంటే నన్ను కూడా పక్కన కూర్చోమంటాడు.